ఇంటర్ పూర్తయిన మా అబ్బాయిని నేవీకి పంపవచ్చా?

ప్రశ్న: ఉలవపాడు నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు దగ్గర ఒక పల్లె. మామిడి తోట తప్ప మాకు వేరే ఆధారం లేదు. మా చిన్నవాడు ఈ ఏడు ఎం.పి.సి.తో ఇంటర్ పూర్తి చేసి, ఇంజినీరింగ్ కాలేజీలో చేరనని, నేవీలో అగ్నివీర్‌గా వెళ్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి రోడ్డు మీద పరుగు తీస్తున్నాడు. వాడి మేనమామ నేవీలో పదిహేనేళ్ళు పనిచేసి, పింఛనుతో తిరిగివచ్చి ఒంగోలులో ఇల్లు కట్టుకున్నారు; వీడికి ఆ ఇల్లే కళ్ళలో మెదులుతోంది. వాళ్ళమ్మ మాత్రం కార్తీక పౌర్ణమికి కరేడు సముద్రానికి వెళ్ళినా పిల్లలను మోకాలి లోతు దాటనివ్వని మనిషి. ఆ ఉద్యోగంలోని మంచిచెడ్డలు అనుభవం ఉన్నవారు దాచకుండా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: మాజీ నావికుడు, కావలి

అన్నగారూ, నేను 1998లో చేరి 2013లో బయటికి వచ్చాను. మనవైపు నుంచి విశాఖ మీదుగా హౌరా పోయే రైలు మార్గంలోనే, బరంపురం దాటాక బాలుగావ్ స్టేషను వస్తుంది. శిక్షణ ఇచ్చే ఐ.ఎన్.ఎస్. చిల్కా ఆ దగ్గరలోనే ఉంది. ఇంజను విభాగానికి ఎంపికైనందువల్ల ఆ తర్వాత నన్ను లోనావాలాలోని ఐ.ఎన్.ఎస్. శివాజీకి పంపారు.

సముద్రం గురించి వదినగారు పడే భయం సహజమే గానీ, అసలు కష్టం నీళ్ళలో లేదు. ఇంజను గదిలో అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు వాచ్ (కాపలా డ్యూటీ) చేసి, చెమటతో తడిసిన బట్టలు మార్చుకుని, ఒకదాని మీద ఒకటిగా ఉన్న పడకలలో మన పడక మీదికి ఎక్కి, కళ్ళు మూతపడీ పడకముందే ఉదయం పనికి లేవాలి. మొదటిసారి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు రెండు రోజులపాటు నా కడుపులో మంచినీళ్ళు కూడా నిలవలేదు. ఎండు చపాతీ నములుతూ పని చేస్తూ ఉండు, పడుకుంటే ఇంకా పెరుగుతుందని మా పెట్టీ ఆఫీసర్ చెప్పారు. ఆయన మాటే నిజమైంది.

నేను మరిచిపోలేనిది వేరే ఉంది. మా అమ్మ పోయినప్పుడు మా ఓడ సముద్రం మధ్యలో ఉంది. కబురు ఓడకు అందింది గానీ నేను ఒడ్డుకు చేరడానికి రోజులు పట్టింది. ఇంటికి వచ్చేసరికి పెదకర్మకు పందిరి వేస్తున్నారు. దానికి ఎవరినీ తప్పుపట్టలేను, ఆ ఉద్యోగమే అటువంటిది.

ఇక అది ఇచ్చినదీ తక్కువేమీ కాదు. పంపు, వాల్వు, జనరేటరు ఏది చెడినా చప్పుడు విని జబ్బు చెప్పగలిగే పని అక్కడే చేతికి వచ్చింది. బయటికి వచ్చాక ఆ పనే నాకు మళ్ళీ అన్నం పెట్టింది.

అయితే మీ బావమరిది లెక్కతో మీ అబ్బాయి భవిష్యత్తును కొలవకండి. మా రోజులలో పదిహేనేళ్ళ సేవ ఖాయం, దాని తర్వాత పింఛనూ ఖాయం. 2022లో అగ్నిపథ్ అనే కొత్త భర్తీ పథకం వచ్చాక, అగ్నివీరులుగా చేరేవారికి సేవ నాలుగేళ్ళే. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది కాబట్టి మొదట చేతికందేది 21,000. ప్రభుత్వం కూడా అంతే జమచేస్తుంది గనుక నాలుగేళ్ళకు వడ్డీ కాకుండా 10.04 లక్షలు వస్తాయి, దానిపై ఆదాయపు పన్ను లేదు. పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుల హోదా, క్యాంటీన్ వంటివేమీ ఉండవు. నాలుగేళ్ళయ్యాక మరో పదిహేనేళ్ళ సేవకు తీసుకునేది ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకే.

జవాబు: కందుకూరు ఆడపడుచు, ప్రస్తుతం విశాఖ

బాబాయిగారూ, నా భర్త పాత పద్ధతిలో చేరిన నావికుడు. క్వార్టర్సు, పిల్లలకు కేంద్రీయ విద్యాలయం, జబ్బు చేస్తే నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణి ఉన్నాయి, ఆ నిశ్చింత విలువ మా పుట్టింటివారి ఆసుపత్రి బిల్లులు చూసినప్పుడు తెలుస్తుంది. కానీ ఓడ రేవు దాటి కొంత దూరం పోగానే ఫోను మూగబోతుంది. ఒకసారి ఆయన చాలా రోజుల తర్వాత గడ్డంతో ఇంటికి వస్తే మా రెండేళ్ళ పాప నా చీర కుచ్చిళ్ళ వెనుక దాక్కుని, సాయంత్రం వరకు ఆయన దగ్గరకు పోలేదు. అగ్నివీరులు ఆ నాలుగేళ్ళూ పెళ్ళి చేసుకోకూడదు కాబట్టి మీ అబ్బాయికి ఈ బాధ ఇప్పుడే రాదు. ఆ 25 శాతంలో నిలిస్తే మాత్రం వచ్చే కోడలికి ముందే చెప్పి ఒప్పించాలి.

జవాబు: సింగరాయకొండ వాసి

ఒక్క హెచ్చరిక. మనవైపు నేవీ అంటే మర్చంట్ నేవీని కూడా కలిపి మాట్లాడతారు. అది సరుకు ఓడల మీద కంపెనీ కాంట్రాక్టు ఉద్యోగం, దేశ నౌకాదళం కాదు. ఓడ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక దళారి మా తమ్ముడి దగ్గర లక్షలు తీసుకుని ఫోను ఎత్తడం మానేశాడు. నౌకాదళానికి అధికారిక వెబ్‌సైటులో దరఖాస్తు రుసుము కట్టడం తప్ప ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగేళ్ళ లెక్క మా బావమరిది ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత వాడు ఇరవై రెండేళ్ళకు ఇంటికి వస్తే చదువు సంగతేమిటన్నదే ఇప్పుడు నా బెంగ.

జవాబు: మాజీ నావికుడు, కావలి

అగ్నివీరుల కోసం ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ప్రత్యేక డిగ్రీ ఉంది, సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే ఇస్తారు. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో కోటా కూడా ఉంది. పరుగు ఎంత బాగా తీసినా రంగులు గుర్తించలేనివారిని వైద్య పరీక్షలో వెనక్కి పంపుతారు గనుక ముందుగా కంటి పరీక్ష చేయించండి.

ఇంకొక సంగతి అడగడం మరిచాను. అబ్బాయి జేఈఈ మెయిన్ రాశాడా? మంచి ర్యాంకు ఉండి, ఎం.పి.సి.లో 70 శాతం దాటితే, కేరళలోని ఎళిమల అకాడమీలో ప్రభుత్వ ఖర్చుతో బి.టెక్. చదివి ఆఫీసరుగా చేరే దారి ఉంది. వయసు పందొమ్మిదిన్నర దాటకూడదు. దానికి నాలుగేళ్ళ గడువు లేదు.

ప్రశ్న అడిగినవారు

రాశాడండీ. ర్యాంకు ఎంతో నేనూ అడగలేదు, వాడూ చెప్పలేదు. ఇప్పుడే పరుగు ముగించుకుని వచ్చాడు, అడిగి రాస్తాను.