'పోష్' అనే మాట ఓడ టికెట్ మీద పుట్టిందా?

నావికుడు:
ఖరీదైన, దర్జా గల అనే అర్థంలో మనం వాడే 'పోష్', "పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్" (ఓడలో పోర్ట్ అంటే ఎడమ పక్క, స్టార్‌బోర్డ్ అంటే కుడి పక్క) అన్న మాటల తొలి అక్షరాల కూర్పు అన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. పి అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల సంస్థ ఓడల్లో ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి వచ్చే సంపన్నులు ఎండ తగలకుండా రాకలో ఎడమ పక్క, పోకలో కుడి పక్క గదులు తీసుకునేవారనీ, వారి టికెట్ల మీద ఈ నాలుగక్షరాల ముద్ర ఉండేదనీ చెబుతారు. ఎర్రసముద్రంలో ఇటు వచ్చే ఓడకు సాయంత్రపు ఎండ కుడి పక్కనే పడుతుంది కదా.

పదాన్వేషి:
నావికుడు గారూ, ఎండ సంగతి నిజమే కావచ్చు గానీ, అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు. ఈ కథ 1930లలో ప్రచారంలోకి వచ్చింది. మాట అంతకుముందే ఉంది. 1918లో 'పంచ్' అనే బ్రిటిష్ హాస్య పత్రికలో వచ్చిన కార్టూన్‌లో ఒక యువ వైమానిక అధికారి తన తల్లితో మాట్లాడుతూ దాన్ని వాడతాడు, అందులో ఓడల ఊసే లేదు.

నావికుడు:
టికెట్లను ఎవరు దాచుకుంటారు? నూరేళ్ల నాటి చిత్తుకాగితం దొరకలేదని కథనే కొట్టిపారేయడం న్యాయమా?

మధ్యాహ్నరేఖ:
టికెట్లు పోయినా సూర్యుడు పోలేదు కదండీ. ఎర్రసముద్రం దాటగానే వచ్చే ఏడెన్ రేవు దాటి తూర్పుకు సాగే ఓడకు ఎడమ పక్క ఉత్తరం. అది నీడ పక్క అన్నది చలికాలానికి సరిపోతుంది గానీ, జూన్‌లో ఆ అక్షాంశాల వద్ద మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఏడాది పొడవునా ఒకే పక్కకు ఎక్కువ సొమ్ము చెల్లించేవారంటే నమ్మడం కష్టం.

పదాన్వేషి:
పైగా తొలి అక్షరాలు కలిపి మాటగా పలికే అలవాటు ఇంగ్లీషులో విరివిగా పెరిగింది 20వ శతాబ్దంలోనే. దొంగల, వీధివర్తకుల యాసలో మాత్రం 19వ శతాబ్దంలోనే 'పోష్' అంటే చిల్లర డబ్బు, అర్ధ పెన్నీ; ఐరోపాలోని రోమా సంచార జాతి మాట్లాడే రోమానీ భాషలో సగం అనే అర్థమున్న మాట నుంచి అది వచ్చిందంటారు. 1890 నాటి ఒక యాస నిఘంటువు అదే మాటకు సోకులరాయుడు అనే అర్థం కూడా ఇచ్చింది. చిల్లర నుంచి సోకుకు, సోకు నుంచి దర్జాకు అర్థం ఎలా నడిచిందో చూపే ఉదాహరణలు పూర్తిగా లేవు కనుక ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మూలం తెలియదనే అంటుంది. అయినా ఓడ కథకు లేని అచ్చు సాక్ష్యం ఈ దారికి కొంతైనా ఉంది కనుక, నా మొగ్గు దీని వైపే.