బ్యాటరీ దిగిపోయాక మీటర్ బోర్డు స్క్రీన్ రావడం లేదు, ఎవరికైనా జరిగిందా?

లబ్బీపేట_టూసీటర్:
అందరికీ నమస్కారం. నాది 2017 మోడల్ జర్మన్ టూ సీటర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మూడేళ్లయింది. మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్లి తొమ్మిది వారాల తర్వాత మొన్న ఆదివారం తిరిగొచ్చాం. బండి అన్నాళ్లూ సెల్లార్‌లో కవర్ కింద ఉంది. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్‌ని పిలిపించి జంప్ కొట్టిస్తే (ఇంకో బ్యాటరీ నుంచి కేబుల్‌తో కరెంట్ ఇప్పిస్తే) ఇంజిన్ అందుకుంది. కానీ మీటర్ బోర్డులో ఆర్‌పీఎం ముల్లు పక్కనుండే గుండ్రటి కలర్ స్క్రీన్ రెండు సెకన్లు మెరిసి ఆరిపోతోంది. కిలోమీటర్ల అంకెల చోట గీతలు. ఏబీఎస్, స్టీరింగ్, హ్యాండ్ బ్రేక్ లైట్లు మూడూ వెలిగే ఉన్నాయి. ఒక గ్యారేజీలో చూపిస్తే స్కానర్ పెట్టి పాతిక దాకా లోపాల కోడ్‌లు చూపించారు. మీటర్ బోర్డు మొత్తం మార్చాలి, లక్షా ఎనభై వేలవుతుంది అన్నారు. నిజంగా పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_పాతకాపు:
సార్, ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి. నేను 28 ఏళ్లుగా వైరింగ్ పనిలో ఉన్నాను. ముందు ఒక్క సంగతి చెప్పండి, బ్యాటరీ ఓల్టేజ్ ఎంతుంది? ఇంజిన్ ఆపి, రాత్రంతా వదిలేసి, పొద్దున డోర్ తీయగానే కాకుండా కాసేపు ఆగి మల్టీమీటర్ పెట్టండి. నిండు బ్యాటరీ 12.6 పైన చూపిస్తుంది. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ కిందే లెక్క. తర్వాత ఎవరి చేతనైనా సెల్ఫ్ కొట్టించి మల్టీమీటర్ అంకె ఎంత కిందికి పడుతుందో చూడండి. 9.6 కంటే కిందికి జారితే మీ స్క్రీన్‌కి జబ్బు లేదు, దానికి తిండి లేదు.

జంప్ కొట్టగానే బండి స్టార్ట్ అయింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకుంటారు. అక్కడే పొరపాటు. ఈ కార్లలో మీటర్ బోర్డు కూడా ఒక కంప్యూటరే. స్టార్ట్ చేసే క్షణంలో కరెంటంతా సెల్ఫ్ మోటార్ లాగేస్తుంది. ఓల్టేజ్ పడగానే స్క్రీన్ సగంలో ఆగిపోతుంది, ఒక మాడ్యూల్ (కారులో ఒక్కో పని చూసే చిన్న కంప్యూటర్) పలకరిస్తే ఇంకోటి బదులివ్వదు. అలా బదులు రాని ప్రతిసారీ ఒక కోడ్ పడుతుంది. పాతిక కోడ్‌లంటే పాతిక పార్టులు పోయినట్టు కాదు.

బ్రాడీపేట_రెడ్‌లైన్:
పాతకాపు గారు చెప్పింది అక్షరాలా నిజం. నాకు గుంటూరులో పోయిన ఏడాది రోహిణి కార్తెలో ఇదే జరిగింది. ఇంటి నుంచి లక్ష్మీపురం దాకా రోజూ తిప్పితే ఛార్జ్ అయిపోతుందనుకున్నాను. అవ్వలేదు. పది నిమిషాల ప్రయాణం సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిందాన్ని పూడ్చడానికే సరిపోతుంది, అడుగంటిన బ్యాటరీని నింపదు. చివరికి స్మార్ట్ ఛార్జర్ కొని ఏజీఎం (ఇలాంటి కార్లలో వాడే ఒక రకం సీల్డ్ బ్యాటరీ) మోడ్‌లో పెట్టి రాత్రంతా వదిలాను. 5 ఆంపియర్ల ఛార్జర్‌తో 70 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీ నిండడానికి 14 గంటలకు పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. పొద్దున తాళం తిప్పితే స్క్రీన్ మామూలుగా వచ్చింది, ఒక్క పార్టూ మార్చలేదు.

ఒక జాగ్రత్త. అద్దాలకు ఫ్రేమ్ లేని తలుపులైతే, హ్యాండిల్ లాగగానే అద్దం కాస్త కిందికి దిగి రబ్బర్‌ను తప్పించుకుంటుంది. బ్యాటరీ లేనప్పుడు అది దిగదు. అలాంటప్పుడు తలుపు గట్టిగా వేశారంటే రబ్బరో అద్దమో దెబ్బతింటుంది. నేను అలాగే వేసి పైన రబ్బర్ చీల్చుకున్నాను. కరెంట్ వచ్చేదాకా తలుపు వేయకుండా దగ్గరికి మాత్రం చేర్చి ఉంచండి.

తాడేపల్లి_ఫ్లాట్‌సిక్స్:
ఫుల్ ఛార్జ్ అయ్యాక కూడా స్క్రీన్ మొరాయిస్తే నెగటివ్ టెర్మినల్ తీసి 20 నిమిషాలు వదిలేసి మళ్లీ పెట్టండి. చిక్కుకుపోయిన మాడ్యూల్స్ మొదటి నుంచి లేస్తాయి. బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటే మాత్రం డిక్కీ మూత పొరపాటున కూడా మూయకండి, దాని తాళం కరెంట్‌తో పనిచేస్తుంది. పోర్షే 911, బాక్‌స్టర్ లాంటివాటిలో అలా ఇరుక్కుంటే కాళ్ల దగ్గరున్న ఫ్యూజ్ బాక్స్‌లో ఎర్ర మూత కింద బయటికి లాగే చిన్న పాజిటివ్ పిన్ ఉంటుంది. దానికి పాజిటివ్, తలుపు గొళ్లెం పట్టే ఇనుప కొక్కేనికి నెగటివ్ ఇస్తే మూత తెరుచుకుంటుంది. అది డిక్కీ తెరవడానికే, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి కాదు.

ఆటోనగర్_పాతకాపు:
జంప్ గురించి నాదీ ఒక మాట. మా దగ్గర రోడ్డు మీద ఏ లారీ అయినా దొరుకుతుంది, డ్రైవర్ మంచివాడైతే కేబుల్ కూడా ఇస్తాడు. కానీ లారీది 24 ఓల్టులు. దాంతో కారుకి జంప్ కొడితే కంప్యూటర్లు కాలిపోతాయి, ఆ నష్టం ఏ ఛార్జింగూ పూడ్చదు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఇంకోటి, జంప్ కేబుల్ తీసే ముందు బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి, తీసే క్షణంలో ఓల్టేజ్ ఎగరకుండా ఉంటుంది.

లబ్బీపేట_టూసీటర్:
అందరికీ కృతజ్ఞతలు. ఈ పొద్దున కొలిచాను. 11.7. మా అబ్బాయి సెల్ఫ్ కొడుతుంటే 8.9కి పడింది. అంకె చూస్తుండగానే స్క్రీన్ ఆరిపోయింది, నా కళ్లతో చూశాను. ఛార్జర్ తెచ్చి పెట్టాను.

సింగ్‌నగర్_వి8:
నాది కాస్త వేరే అనుభవం, పనికొస్తుందేమో చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు మా బండి చక్రాల సగం దాకా నీళ్లలో ఉంది. ఇంజిన్‌లోకి నీరు పోలేదు, అంతా బాగానే ఉందనుకున్నాం. నాలుగు నెలలకి బ్యాటరీ దిగింది, కొత్తది వేసినా మీటర్ బోర్డు మిణుకుమిణుకుమంటూనే ఉంది. కార్పెట్ ఎత్తి చూస్తే కింద ఎర్త్ బోల్ట్ (నెగటివ్ వైర్లను కారు బాడీకి కలిపేది) చుట్టూ పచ్చటి పొడి. బోల్ట్ విప్పి, ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాం, ఆ రోజు నుంచి సమస్య లేదు. 12.6 ఉన్నా స్క్రీన్ రాకపోతే ఎర్త్ పాయింట్లు చూడండి. సింగ్ నగర్, పాయకాపురం వైపు బండ్లు కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

అరండల్‌పేట_డాక్టర్:
తొమ్మిది వారాలంటే బ్యాటరీ దిగడం సహజమే. నిద్రపోయిన కారు 50 మిల్లీ ఆంపియర్ల లోపు తీసుకోవాలి. అంటే రోజుకి 1.2 ఏహెచ్. 70 ఏహెచ్ బ్యాటరీ రెండు నెలల లోపే ఖాళీ. నా కారులో డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో ఉండి పావు ఆంపియర్ లాగేది, రోజుకి 6 ఏహెచ్. పన్నెండు రోజులకే బండి చచ్చేది. రెండు బ్యాటరీలు మార్చాక గానీ నాకు అర్థం కాలేదు. లబ్బీపేట గారూ, మీకు క్యామెరా గానీ, ట్రాకర్ గానీ ఉందాండీ? కొలవాలంటే తలుపు తెరిచి ఉంచి, దాని లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి తెచ్చి, 40 నిమిషాలు ఆగాక క్లాంప్ మీటర్ (వైర్ చుట్టూ పట్టించి కరెంట్ కొలిచేది) పెట్టాలి. అంతకు ముందు మాడ్యూల్స్ నిద్రపోవు, తప్పుడు లెక్క వస్తుంది. తలుపు వేసే ముందు లాచ్ మళ్లీ వదిలించడం మరిచిపోకండి.

లబ్బీపేట_టూసీటర్:
డాక్టర్ గారూ, ట్రాకర్ ఉందండీ! పాత ఓనరు పెట్టించింది, స్టీరింగ్ కింద టేప్ చుట్టి ఉంది. తీసేయించాను.

మిగతాది చెబుతాను. 16 గంటల ఛార్జ్ తర్వాత స్క్రీన్ పూర్తిగా వచ్చింది, గీతల చోట 38,412 కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక రాత్రి ఆగి కొలిస్తే 12.1కి దిగింది. పాతకాపు గారిని ఆటోనగర్‌లో కలిశాను. లోడ్ టెస్ట్ చేసి (కరెంట్ గట్టిగా లాగి పరీక్షించి) బ్యాటరీ పని అయిపోయిందన్నారు. అది ఐదేళ్ల నాటిది, మన ఎండలకి అంతకాలం రావడమే ఎక్కువట. కొత్త ఏజీఎం వేసి, స్కానర్‌తో బ్యాటరీ మార్చామని కారుకి నమోదు చేశారు. కోడ్‌లన్నీ ఎరేజ్ చేస్తే ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఇంజిన్ ఆన్‌లో స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా తిప్పి, బందరు రోడ్డు మీద కాస్త దూరం నడిపితే స్టీరింగ్, ఏబీఎస్ లైట్లు పోయాయి. అద్దాలు పైదాకా ఎత్తి స్విచ్ కాసేపు నొక్కి పట్టుకుంటే అద్దాల ఆటో (ఒక్క నొక్కుకే పూర్తిగా ఎక్కడం, దిగడం) కూడా తిరిగొచ్చింది. మీటర్ బోర్డు మార్చమన్న చోటికి ఇక వెళ్లను.

ఆటోనగర్_పాతకాపు:
సంతోషం సార్. ఛార్జర్ నెగటివ్ క్లిప్ బ్యాటరీ టెర్మినల్‌కి కాకుండా బాడీ ఎర్త్‌కి పెట్టండి. మీ బండిలో నెగటివ్ దగ్గర సెన్సర్ ఉంది, ఎంత ఛార్జ్ ఎక్కిందో అది లెక్కపెట్టాలి.

లబ్బీపేట_టూసీటర్:
అలాగే పెడతానండీ. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌లో అడిగాను. నా ఫ్లాట్ మీటర్ నుంచే లైన్ లాక్కోమన్నారు, ఎలక్ట్రీషియన్ శనివారం వస్తానన్నాడు. మళ్లీ డిసెంబర్‌లో డాలస్ వెళ్తున్నాం, ఈలోపు ఆ పాయింట్ పడాలి.