బోరు నీళ్లలో నైట్రేట్: ఐసోటోపు రిపోర్టు అర్థం కావట్లేదు, ఎవరైనా చెప్పండి

నల్గొండ_రైతు: పొద్దుటి నుంచి ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నా, బుర్ర పనిచేయట్లేదు. మా బోరు నీళ్లలో నైట్రేట్ లీటరుకి 22 మిల్లీగ్రాములు, నత్రజని 15 విలువ ప్లస్ 12 అని రాసిచ్చారు, ఇంకో ముక్క చెప్పలేదు. పక్కనే కోళ్ల ఫారం ఉంది. వాళ్లేమో మీ యూరియానే అంటారు, ఊళ్లో వాళ్లు కోళ్ల పెంట అంటారు. ప్లస్ 12 అంటే ఫారం నుంచే వచ్చిందని పంచాయతీలో చెప్పొచ్చా?

నీటి_పరీక్ష: చెప్పకూడదు. ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు; ప్లస్ 12 అంటే గాలిలోని నత్రజనితో పోలిస్తే బరువైన 15 రకం నిష్పత్తి వెయ్యికి 12 పాళ్లు ఎక్కువ అని, అంతే. బోరు లోతెంత, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) ఎంత దించారు, నైట్రేట్‌లోని ఆక్సిజన్ 18 విలువ ఏది?

పాత_టీచర్: నల్గొండ అంటే ముందు ఫ్లోరైడ్ చూడాలి బాబూ. గ్రానైట్ రాళ్లలోంచి వచ్చే ఫ్లోరైడ్‌తో ఎన్ని ఊళ్లలో నడుములు వంగిపోయాయో తెలుసా? దానికీ ఐసోటోపు పరీక్ష చేయించండి, మూలం తేలిపోతుంది.

నీటి_పరీక్ష: ఫ్లోరైడ్‌లో ఉండే ఫ్లోరిన్‌కి స్థిరమైన ఐసోటోపు ఒక్కటే, 19. పోల్చడానికి రెండోది లేదు సార్. అది వేరే చర్చ.

హైదరాబాద్_భయ్: 22 అయితే భయమెందుకు? మన తాగునీటి ప్రమాణం 45 కదా, సగం కూడా లేదు.

నీటి_పరీక్ష: ఆ 45 నైట్రేట్ లెక్కన. రిపోర్టులో 22 నైట్రేట్‌గా రాశారా, నైట్రేట్‌లోని నత్రజనిగా రాశారా? రెండోదైతే 4.43తో గుణించండి, 97 దాటుతుంది.

హైదరాబాద్_భయ్: ఎలా రాసినా నైట్రేట్ నైట్రేటే కదా.

నీటి_పరీక్ష: కాదు.

నల్గొండ_రైతు: కింద చిన్న అక్షరాల్లో 'నత్రజనిగా' అని ఉంది. బోరు 300 అడుగులు, కేసింగ్ 30 అడుగుల దాకా ఉంటుందేమో. ఆక్సిజన్ చేయలేదు.

నేల_నీరు: నేను కాస్త వివరంగా చెప్తా. యూరియాలోని నత్రజని గాలి నుంచి తీసిందే కాబట్టి దాని విలువ సున్నా చుట్టూ, మైనస్ 4 నుంచి ప్లస్ 4 మధ్య ఉంటుంది. పెంట, మురుగు నిలవ ఉన్నప్పుడు అమ్మోనియా ఎగిరిపోతుంది, అందులో తేలికైన నత్రజని 14 ముందు పోతుంది, బరువైన 15 మిగులుతుంది, అందుకే విలువ పైకెక్కుతుంది. ప్లస్ 12 ఆ వైపే చూపిస్తోంది. కానీ కోళ్ల పెంటకీ, మనుషుల మలానికీ దాదాపు అదే విలువ, ఈ అంకె వాటిని విడదీయలేదు. పైగా నేలలో గాలి అందని చోట సూక్ష్మజీవులు నైట్రేట్‌ని తినేసినప్పుడు కూడా తేలికైనదే ముందు పోతుంది, అప్పుడు యూరియా నుంచి వచ్చిన నైట్రేట్ కూడా బరువెక్కుతుంది. ఆక్సిజన్ 18 అడిగేది అందుకే: అలా జరిగితే రెండు విలువలూ కలిసి పెరుగుతాయి, నైట్రేట్ తగ్గుతుంది. ఫారానికి ఎగువన ఒక బోరు, దిగువన ఒకటి, దూరంగా ఒకటి, మూడింటి నీళ్లూ తీసుకుని, ఏ మూలమో విడదీయడానికి క్లోరైడ్, బ్రోమైడ్, కుదిరితే బోరాన్ ఐసోటోపులు కూడా చేయించండి. సీసా నీళ్లు వడగట్టి ఐస్‌లో పెట్టి పంపారా? వేడిలో ఉంచితే సీసాలోనే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి.

నీటి_పరీక్ష: మరుగుదొడ్డి గుంత ఎంత దూరం?

నల్గొండ_రైతు: బోరుకి ఇరవై అడుగులు ఉంటుంది, మా ఊళ్లో అందరికీ అలాగే ఉంటుంది కదా. అది కూడా రాయాలా? సీసా ఆటోలో పంపించాం, ఐస్ పెట్టలేదు.

నేల_నీరు: రాయాలి అన్నా, అదే మొదట రాయాల్సింది. ఆ దూరంలో గుంత ఉంటే, కేసింగ్ పక్కన సందు ఉంటే, మురుగు నేరుగా రాతి పగుళ్లలోకి దిగుతుంది. ఫారం మీద మాట వేసే ముందు అది చూడండి. ఫారం తప్పు లేదని అనట్లేదు, రెండూ కలిసి ఉండొచ్చు.

పాత_టీచర్: ఫ్లోరైడ్ మాత్రం మరచిపోకండి.

నల్గొండ_రైతు: ఇంట్లో నెలల పిల్ల ఉంది, ఈ నీళ్లే కాచి పాలపొడి కలుపుతున్నాం.

నీటి_పరీక్ష: ఆపండి. కాచితే నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఇవాళ్టి నుంచే పిల్లకి వేరే నీళ్లు వాడండి.

నల్గొండ_రైతు: సరే, తెప్పిస్తా. థాంక్స్ అన్నా.