చేత్తో కలుపు తీసేవాళ్లు ఇలా రండి: వేరు తెగకుండా వచ్చినప్పటి ఆనందం గురించి

తెనాలి_పెరడు:
మొన్న రాత్రి మంచి వాన పడింది. పొద్దున్నే కాఫీ తాగి వంగమొక్కల మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. లేచేసరికి పదిన్నర. తీరా చూస్తే శుభ్రమైంది 6 అడుగుల మడి ఒక్కటే. అయినా ఆ రోజంతా మనసు ఎంత తేలిగ్గా ఉందో! నేల పదును మీద ఉన్నప్పుడు చిలకతోటకూరను మొదలు దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లాగితే, ముందు కాస్త మొండికేస్తుంది. తర్వాత నేల లోపలెక్కడో పట్టు వదిలినట్టు వేళ్లకు తెలుస్తుంది. తల్లివేరు కొసదాకా జారుతూ వచ్చేస్తుంది. ఆ ఒక్క క్షణం కోసమే కూర్చుంటాను నేను. అదే ఎండిన నేలలో అయితే పైన తెగి ఊరుకుంటుంది, చేతులకు బొబ్బలే మిగులుతాయి.
మీకు ఏ మొక్క తీస్తే బాగుంటుంది? తుంగతో మాత్రం నావల్ల కావట్లేదు. ఎవరైనా దారి చెప్పండి.

నల్లరేగడి:
అమ్మా, తుంగను లాగకండి. లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది, మళ్లీ మొలుస్తుంది. కొడవలి మొనను మొక్కకు బెత్తెడు దూరంలో లోతుగా గుచ్చి, మట్టిపెళ్లను పైకి లేపండి. ఆ పెళ్లను వేళ్లతో చిదిపితే దారంలాంటి వేరు కనిపిస్తుంది. తొందరపడకుండా ఆ దారం వెంటే వెళ్లండి. రెండో గడ్డ తగులుతుంది, తర్వాత మూడోది. పైన నల్లటి పొట్టు, గోటితో గిల్లితే లోపల తెలుపు, ఘాటైన మంచి వాసన. పచారీ కొట్లో తుంగముస్తలని అమ్మేవి ఇవే. ఒక సాయంత్రం ఒకే దారానికి 11 గడ్డలు తీశాను. మా మనవరాలు అరుగు మీద వరసగా పేర్చి లెక్కపెట్టింది.
తీసినవాటిని ఎరువు గుంతలో వెయ్యొద్దు, అక్కడ హాయిగా బతుకుతాయి. బండ మీద ఎండకు పరిచి గలగలలాడేదాకా ఎండనివ్వండి. మొలిచిన ప్రతిసారీ ఆకులు ముదరకముందే తీస్తూ పోతే లోపల మిగిలిన గడ్డల్లో సత్తువ అయిపోతుంది. నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మడిలో ఉల్లి వేస్తున్నాను.

మిద్దెతోట_ఉప్పల్:
మాకు మిద్దె మీద తుంగ బాధ లేదు కానీ కుండీల నిండా పులిచింత. బుల్లి బెండకాయల్లాంటి కాయలు నిటారుగా నిలబడి ఉంటాయి కదా, పండినవి ముట్టుకోగానే చిటపటమని గింజలు మొహానికి కొడతాయి. పక్క కుండీలోకి కూడా అలాగే చేరుతుంది. కాయ కట్టకముందే తీసెయ్యాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఫీసు నుంచి రాగానే ఫోన్ లోపల పెట్టేసి రోజుకు రెండు కుండీలు చూస్తాను. నాకు ఇప్పుడు అదే విశ్రాంతి.

డల్లాస్_గోంగూర:
ఇక్కడ చాలా ఇళ్ల ముందు డబ్బు పోసి, నీళ్లు పోసి పెంచే బెర్ముడా గ్రాస్ మన గరికేనండీ. లాన్‌లో ఉన్నంతసేపూ ముద్దొస్తుంది. చెక్క అంచు కింద నుంచి దూరి గోంగూర మడిలోకి వచ్చిందంటే మాత్రం కణుపు కణుపుకీ వేరు దించుతుంది. ఒక్క కణుపు మిగిలినా చాలు దానికి. శనివారం మా ఆవిడ, నేను చెరో కొసన కూర్చుని ఒకే తీగను వెనక్కి చుట్టుకుంటూ వచ్చాం. మూరలకు మూరలు తెగకుండా వచ్చింది. చవితి ముందు రోజైతే లేత పోచలు 21 గిల్లి పక్కన పెట్టాకే మిగతాది తీస్తాం. పెరట్లో మందు కొట్టం కాబట్టి పూజకు దిగులు లేదు.

గునుగుపువ్వు:
అందరు రాసింది చదివిన. మా అమ్మ ముప్పై ఏండ్లు కలుపు కూలికి పోయింది. వరి మడిల పొద్దంత నడుము వంచి ఉండేది. రాత్రి ఇంటికొస్తే వేళ్ల సందులు పాసిపోయి ఉండేటివి, గోరింటాకు నూరి పెట్టుకునేది. అందుకే కలుపు అనే మాటంటేనే నాకు చిన్నప్పుడు కోపం.
ఇప్పుడు అమ్మ నాతోని సిద్దిపేటల ఉంటది. ఇంటి ముందర ఒక గుంట జాగ ఉంది. పొద్దున లేస్తే అండ్లనే కూసుంటది. "ఎందుకే అమ్మా, ఇన్నేండ్లు చేసింది చాలదా?" అంటే, "అది మంది పొలం బిడ్డా, మునుంల (కూలోళ్ల పని వరుసల) ఎనకవడితే మాటలు పడాలె. ఇది నా జాగ, నాకు బుద్ధి పుట్టినంతసేపు తీస్త" అన్నది. నాకు ఏం మాట్లాడాల్నో తెల్వలే.
ఒకపారి పొలంకాడ వరినీ, వరి మడిల మొలిచే ఊద గడ్డినీ ఎట్ల గుర్తువట్టాల్నో నాకు చూపించింది. రెండూ లేతగ ఉన్నప్పుడు ఒక్కతీరే ఉంటయి. ఆకు కాడకు అతుక్కునే చోట విప్పి చూస్తే వరికి తెల్లటి సన్నపొర నిలవడి ఉంటది, ఊదకు అక్కడ నున్నగ, ఏమీ ఉండది. నాకు విప్పి చూస్తే గని తెల్వది. అమ్మ నీళ్లల్ల చెయ్యి పెట్టి వేలితోనే చెప్తది.
మా జాగల గునుగు మొలిస్తే మాత్రం ముట్టనియ్యదు. జొన్న చేన్ల అది కలుపే, కాని బతుకమ్మకు కావాలె కదా.

మిద్దెతోట_ఉప్పల్:
అక్కా, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

పాలకూర_పప్పు:
గంగవాయిలి పీకి మడి పక్కనే పడేశాను. రెండు వానలకు మళ్లీ నాటుకుని నవ్వుతోంది! దాని కాడ నిండా నీళ్లే కాబట్టి అంత త్వరగా చావదని మా అత్తయ్య చెప్పారు. ఇప్పుడు తీసింది తీసినట్టు చేటలో వేసుకుని నేరుగా పప్పులోకే. మందు కొట్టని నేలైతే మీరూ అలాగే చెయ్యండి.

నల్లరేగడి:
ఒక జాగ్రత్త. వయ్యారిభామను మాత్రం ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు పుప్పొడి ఇంకా చేటు. తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పువ్వు రాకముందే తీసెయ్యండి. ఒక్క మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది.

తెనాలి_పెరడు:
నల్లరేగడి గారూ, ఇవాళ సాయంత్రం కొడవలి పట్టుకుని మీరు చెప్పినట్టే కూర్చున్నాను. తొందరపడి మొదటి దారం తెంపేశాను. రెండోదాని వెంట నెమ్మదిగా వెళ్లాను. చీకటి పడితే మా అబ్బాయి వచ్చి టార్చి పట్టుకున్నాడు. 7 గడ్డలు వచ్చాయి, అన్నీ ఒకే దారానికి. ఎనిమిదోది ప్రహరీ గోడ కిందకి వెళ్లిపోయింది. గోడకు అవతల పక్కింటి పిన్నిగారి బంతిమొక్కలు ఉన్నాయి. రేపు పొద్దున అటువైపు వెళ్లి అడుగుతాను.