52 ఏళ్ల క్లయింట్, బీపీ మాత్ర, స్టెప్ టెస్ట్: ట్రైనర్ పరీక్షకు చదువుతున్నాను, కాస్త దారి చెప్పండి

రాజమండ్రి కుర్రాడు:
అందరికీ నమస్కారం. జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్‌గా చేస్తూనే ఏసీఈ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్) పర్సనల్ ట్రైనర్ పరీక్షకు చదువుతున్నాను. అసెస్‌మెంట్ పాఠం చదువుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఎదురుగా మనిషి వచ్చి నిలబడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ఇప్పుడు వచ్చిన క్లయింట్ సంగతి ఇదీ. వయసు 52, బ్యాంకు ఉద్యోగం. ఎత్తు 168 సెం.మీ., బరువు 81 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెం.మీ. బీపీకి మెటోప్రొలాల్, షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఏళ్ల తరబడి వ్యాయామం లేదు. మెట్లెక్కి పైకి రాగానే మిషన్ పెడితే బీపీ 146/88. ట్రెడ్‌మిల్ మీద కాస్త జోరుగా నడిపిస్తే పల్స్ 94 దాటలేదు గానీ, మనిషి మాత్రం రెండు ముక్కలు మాట్లాడలేకపోయారు. 220లోంచి వయసు 52 తీసేస్తే గరిష్ఠ పల్స్ అంచనా 168, అందులో 60 నుంచి 70 శాతం అంటే 101 నుంచి 118. "ఇంకా టార్గెట్‌కే రాలేదు, స్పీడు పెంచు, రేపు స్టెప్ టెస్ట్ కూడా చేసెయ్" అంటున్నారు ఓనరు గారు (స్టెప్ టెస్ట్ అంటే కొన్ని నిమిషాలు మెట్టు ఎక్కి దిగాక పల్స్ చూసే పరీక్ష). నాకెందుకో మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

వైజాగ్ బార్‌బెల్:
తమ్ముడూ, స్పీడు పెంచకు. రేపటి స్టెప్ టెస్ట్ కూడా ఆపు. నీ మనసు చెప్పిందే సరైనది.

ముందు కాగితం పని. వ్యాయామానికి ముందు ఆరోగ్య ప్రశ్నలు అడిగే పార్-క్యూ ప్లస్ ఫారం నింపించావా? మొదటి పేజీలో ఏడే ప్రశ్నలు. ఏడింటికీ "లేదు" అంటే ముందుకు వెళ్లొచ్చు. ఒక్కదానికి "అవును" అన్నా వెనక పేజీల్లోని ప్రశ్నలు అడగాలి. మీ క్లయింటు బీపీ దగ్గరే "అవును" అంటారు. ఇక ఏసీఎస్ఎం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్) పద్ధతిలో చూసేవి మూడు: ఇప్పుడు క్రమంగా వ్యాయామం చేస్తున్నారా, గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బుల్లాంటివి గానీ వాటి లక్షణాలు గానీ ఉన్నాయా, ఎంత తీవ్రతతో చేయబోతున్నారు. వ్యాయామం అలవాటు లేకుండా షుగర్ ఉన్నవాళ్లకు, ఏ లక్షణమూ లేకపోయినా, మొదలుపెట్టే ముందు డాక్టరు అనుమతి తీసుకోమంటుంది. పరీక్షలో ఈ ప్రశ్న తప్పకుండా తిప్పి తిప్పి అడుగుతారు. "బీపీ మాత్రమే ఉంది, లక్షణాలు లేవు" అంటే ఒక జవాబు, "షుగర్ ఉంది" అంటే ఇంకో జవాబు. ఏసీఎస్ఎం లెక్కలో బీపీ అనేది ముప్పు కారకం, షుగర్ జబ్బు కిందకు వస్తుంది. ఆ తేడా చూసుకో.

బీపీ తీసిన తీరు కూడా బాగాలేదు. మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పెడితే ఎక్కువే చూపిస్తుంది. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో 5 నిమిషాలు కూర్చోబెట్టు. పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. కొలిచేటప్పుడు మాటలు వద్దు. అంతకు ముందు అరగంటలో కాఫీ, సిగరెట్ ఉండకూడదు. నిమిషం ఆగి రెండోసారి తీసి రెండూ రాసుకో. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె పెరుగుతుందని కూడా గుర్తుపెట్టుకో. చాలా జిమ్‌లలో ఉండేది ఒకటే పట్టీ, దాన్నే అందరికీ బిగిస్తారు.

ఫిజియో ఓరుగల్లు:
బార్‌బెల్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. అసలు కిటుకు ఆ 94లో ఉంది.

మెటోప్రొలాల్ బీటా బ్లాకర్. గుండె వేగాన్ని అదే పట్టి ఉంచుతుంది. విశ్రాంతిలోనూ తగ్గిస్తుంది, శ్రమలోనూ పెరగనివ్వదు. కాబట్టి 220లోంచి వయసు తీసే లెక్క ఆయనకు పనికిరాదు. స్టెప్ టెస్ట్ కూడా అంతే, ఎందుకంటే అందులో మార్కులు వేసేది పల్స్ చూసే. ఆయన ఫలితం "చాలా ఫిట్" వరసలో పడి, మనిషి మాత్రం మెట్టు మీద తూలుతూ ఉండొచ్చు. 118 వచ్చేదాకా స్పీడు పెంచడమంటే మాత్ర రానివ్వని అంకె కోసం మనిషిని తరమడమే.

ఇలాంటివాళ్లకు శ్రమ ఎంతనిపిస్తోందో అడిగే స్కేలే దిక్కు. బోర్గ్ స్కేల్ 6 నుంచి 20 వరకు ఉంటుంది, మధ్యస్థ శ్రమ అంటే 12, 13. అంకెలు అర్థం కావడం లేదంటే మాట పరీక్ష పెట్టండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా రావడం లేదంటే మధ్యస్థం దాటిపోయినట్టే. మీ క్లయింటు 94 దగ్గరే ఆ గీత దాటారు.

ఇంకో సంగతి, ఇది ట్రైనర్ల పుస్తకాల్లో ఒక్క వాక్యంలో పోతుంది. గ్లిమిపిరైడ్ షుగర్‌ను బాగా కిందకు దించగలదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. షుగర్ పడిపోతే మామూలుగా గుండె దడ, వణుకు వస్తాయి కదా, బీటా బ్లాకర్ వాటిని కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది. జిమ్‌లో చెమట పడితే ఎవరికి అనుమానం వస్తుంది? అందుకే పొద్దున్నే మాత్ర వేసుకుని, టిఫిన్ మానేసి ఆరింటికల్లా జిమ్‌కు వచ్చేవాళ్లతో జాగ్రత్త. గ్లూకోమీటర్ తెచ్చుకోమనండి. వ్యాయామానికి ముందు 90 లోపు ఉంటే అరటిపండో, రెండు బ్రెడ్ ముక్కలో తిన్నాకే మొదలుపెట్టాలి. మాట తడబడినా, చల్లటి చెమట పట్టినా, చూపు తేడాగా ఉన్నా ఆపేసి, మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మాత్ర మార్చుకోమనీ మానేయమనీ మీరు చెప్పకండి, అది డాక్టరు పని.

రాజమండ్రి కుర్రాడు:
మేడమ్, చాలా థాంక్స్. డాక్టరు దగ్గరికి పంపితే "జిమ్ చేసుకోవచ్చు" అని ఒక ముక్క రాసిస్తారు, అంతేగా? దానివల్ల నాకు తెలిసేదేముంది?

ఫిజియో ఓరుగల్లు:
"జిమ్‌కు వెళ్లొచ్చా" అని అడిగితే అదే జవాబు వస్తుంది. మీరే ఒక చీటీ రాసి పంపండి. ఇలా: "వారానికి 5 రోజులు, రోజుకు 20 నుంచి 30 నిమిషాల మధ్యస్థ నడక, 2 రోజులు తేలికపాటి బరువులు మొదలుపెడదామనుకుంటున్నాం. గుండె వేగానికి, బీపీకి పరిమితి ఏమైనా ఉందా? టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష) అవసరమా? చేయకూడనివి ఏమిటి? మాత్రల వేళల విషయంలో సూచన ఉందా?" కింద ఖాళీ గీతలు వదలండి. ఇంత స్పష్టంగా అడిగితే చాలామంది డాక్టర్లు స్పష్టంగానే రాస్తారు. టీఎంటీ చేయిస్తే ఇంకా మేలు. మాత్ర వేసుకుని చేసిన టీఎంటీలో వచ్చిన గరిష్ఠ పల్స్ ఆయన సొంత అంకె, దాని మీద లెక్క కట్టుకోవచ్చు.

కడప రన్నర్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేనూ అదే పరీక్షకు చదువుతున్నాను. విశ్రాంతి పల్స్‌ను కూడా తీసుకుని వ్యాయామంలో పల్స్ ఎంత ఉండాలో కట్టే కార్వొనెన్ లెక్క ఎప్పుడు చేసినా తేడా వస్తోంది. ఎవరైనా ఒకసారి విడమరిచి చెప్పండి.

వైజాగ్ బార్‌బెల్:
వయసు 40, విశ్రాంతి పల్స్ 70 అనుకో. గరిష్ఠం 180. అందులోంచి 70 తీసేస్తే 110, ఇది రిజర్వ్. 60 శాతం తీవ్రత అంటే 66. ఇక్కడే అందరూ పెన్ను దించేస్తారు. కూర్చున్నప్పుడే 70 ఉన్నవాడికి వ్యాయామంలో 66 ఏమిటి? తీసేసిన 70 మళ్లీ కలపాలి. 66కి 70 కలిపితే 136. 70 శాతానికి 77కి 70 కలిపి 147. రిజర్వ్ ఊసు లేకుండా 180లో నేరుగా 60 శాతం తీస్తే 108 వస్తుంది. ప్రశ్నలో రిజర్వ్ అన్నాడా, గరిష్ఠం అన్నాడా చూడకపోతే రెండు అంకెలూ ఆప్షన్లలో నవ్వుతూ కనిపిస్తాయి.

220 అనే సూత్రం కూడా అందాజా లెక్కే. ఒకే వయసువాళ్లలో 10, 12 అటూ ఇటూ మామూలు. 2001లో వచ్చిన టనాకా సూత్రంలో వయసును 0.7తో గుణించి 208లోంచి తీస్తారు. పెద్ద వయసువాళ్లకు అది కాస్త నయం. పరీక్షలో ఏ సూత్రం పేరు చెబితే అదే వాడు. ఫ్లోర్ మీద మాత్రం ఆ అంకెను మొదటి అంచనాగానే తీసుకో.

నెల్లూరు శక్తి:
మా జిమ్‌లో బాడీ కంపోజిషన్ మిషన్ ఉంది. నిన్న కొవ్వు 31 శాతం అన్న క్లయింటుకు ఇవాళ 28 చూపించింది. ఆవిడ సంబరపడిపోయింది, నాకు నమ్మకం లేదు. చర్మం మడత మందం కొలిచే కాలిపర్ మంచిదా అక్కా?

ఫిజియో ఓరుగల్లు:
ఒక్క రోజులో 3 శాతం కొవ్వు పోదు, నీళ్ల తేడా అది. ఆ మిషన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి అంచనా కడుతుంది. నీళ్లు తాగారా, తిన్నారా, వర్కవుట్ అయ్యాక ఎక్కారా, ప్రతిదానికీ అంకె మారుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను అసలు ఎక్కించకూడదు. వాడితే ఒకే వేళ, ఒకే పరిస్థితిలో వాడాలి.

కాలిపర్ మంచిదే, చెయ్యి కుదిరితేనే. జాక్సన్-పొలాక్ మూడు చోట్ల పద్ధతిలో మగవాళ్లకు ఛాతీ, పొట్ట, తొడ. ఆడవాళ్లకు జబ్బ వెనక భాగం, నడుము ఎముక పైన, తొడ. అన్నీ కుడివైపే. బొటనవేలు, చూపుడువేలుతో చర్మాన్ని, దాని కింది కొవ్వును కండ నుంచి విడదీసి పట్టుకో. వేళ్లకు 1 సెం.మీ. పక్కన కాలిపర్ పెట్టు. పట్టు వదలకుండా ఒకటి రెండు సెకన్లలో అంకె చదువు. ఎక్కువసేపు ఉంచితే కొవ్వు నలిగి అంకె తగ్గిపోతుంది. మూడు చోట్లా ఒక చుట్టు అయ్యాక మళ్లీ మొదటి చోటికి రా. రెండు కొలతల మధ్య 2 మి.మీ. కంటే తేడా వస్తే మూడోసారి తియ్యి. వర్కవుట్ అయిన వెంటనే వద్దు.

నా అభిప్రాయం అడిగితే, శాతం జోలికి పోకుండా ఆ మూడు మిల్లీమీటర్ల మొత్తాన్నే రాసి పెట్టుకో. శాతంగా మార్చే సమీకరణాలు అమెరికాలో తయారైనవి. మన ఒళ్లకు ఎంత సరిపోతాయో గానీ, మొత్తం తగ్గిందంటే మాత్రం కొవ్వు తగ్గినట్టే. ముట్టుకునే ముందు తప్పకుండా అడుగు, తొడ దగ్గర ఇబ్బంది పడతారు. వద్దంటే టేపు చాలు.

రాజమండ్రి తమ్ముడి క్లయింటుకైతే కాలిపర్ అక్కర్లేదు. ఆ పొట్టకు మడత చిక్కదు. భారతీయులకు నడుము హద్దు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. ఆయనది 102. బీఎంఐ 28.7. పరీక్షలో 25 నుంచి 30 లోపు అధిక బరువు అని రాయాలి, మన దేశపు హద్దుల ప్రకారం 25 దాటితే స్థూలకాయమే.

కడప రన్నర్:
స్క్వాట్ చేయించి చూసేది కూడా చెప్పండి. మోకాళ్లు లోపలికి వస్తే ఏ కండ బిగుతు, ఏది బలహీనం అనే పట్టిక బట్టీ పడుతున్నాను.

వైజాగ్ బార్‌బెల్:
పరీక్ష కోసం బట్టీ పట్టాల్సిందే. ఫ్లోర్ మీద మాత్రం, జన్మలో స్క్వాట్ చేయని మనిషి మొదటిసారి వంకరగా కూర్చుంటే దాన్ని బలహీనత అనకు. "మోకాళ్లను చిటికెన వేలి వైపు తోస్తూ కూర్చోండి" అని ఒక్క మాట చెప్పి మళ్లీ చూడు. సరైపోతే నేర్పితే చాలు. కాకపోతే మడమల కింద 2.5 కిలోల ప్లేట్లు పెట్టి చూడు. అప్పుడు తిన్నగా వస్తే చీలమండ వంగడం లేదు. అప్పుడూ రాకపోతే తుంటి సంగతి చూడు. నొప్పి ఉందంటే అక్కడితో ఆపి ఫిజియోకు అప్పగించు.

రాజమండ్రి కుర్రాడు:
అప్‌డేట్: ఫిజియో మేడమ్ చెప్పినట్టే చీటీ రాసి పంపాను. టీఎంటీ చేశారు, ఇబ్బంది ఏమీ లేదన్నారు. బోర్గ్ 13 దాటకుండా నడక, తేలికపాటి బరువులు, ఊపిరి బిగబట్టకూడదు అని రాసిచ్చారు. కూర్చోబెట్టి తీస్తే బీపీ 134/84. ఓనరు గారు చీటీ చూసి "ఇది మంచి పద్ధతే, అందరికీ ఫారం పెడదాం" అన్నారు. ఇంకొక్కటే ప్రశ్న. స్టెప్ టెస్ట్ లేకపోతే మూడు నెలల తర్వాత మెరుగయ్యారని దేన్ని బట్టి చెప్పాలి?

ఫిజియో ఓరుగల్లు:
6 నిమిషాల నడక. 30 మీటర్ల సమతలం చూసుకోండి, మీ సెల్లార్ పార్కింగ్ అయినా సరే. రెండు కొసల్లో కుర్చీలు గానీ కోన్‌లు గానీ పెట్టి, 6 నిమిషాల్లో వీలైనంత దూరం నడవమనండి. పరిగెత్తకూడదు, అలసిపోతే నిలబడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మొత్తం మీటర్లు, చివర్లో బోర్గ్ అంకె రాసుకోండి. ఇందులో మార్కు దూరానికి గానీ పల్స్‌కు కాదు కాబట్టి మాత్ర అడ్డురాదు. మొదటిసారి ఎలా నడవాలో తెలియక తక్కువ నడుస్తారు, అందుకని అసలు కొలతకు ముందు ఒకసారి నడిపించి, తగినంత విశ్రాంతి ఇచ్చి మళ్లీ నడిపించండి. పక్కన కుర్చీ, చక్కెర డబ్బా ఉండాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, తూలడం కనిపిస్తే ఆపేయాలి. అయిపోగానే కూలబడనివ్వకుండా రెండు మూడు నిమిషాలు మెల్లగా నడిపించండి, బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఉన్నపళంగా ఆగితే కళ్లు తిరుగుతాయి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే వేళకు, మాత్ర వేసుకున్నాక అంతే సేపటికి పెట్టండి. ఈలోగా డాక్టరు డోసు మారిస్తే ఆ తేదీ కూడా షీటులో రాసి ఉంచండి.