నర్సింగ్ ట్యూటర్లు సొంత డబ్బుతో బీమా చేయించుకోవాలా?

నెల్లూరు ట్యూటర్: విద్యార్థులను ఆసుపత్రి వార్డుల్లో శిక్షణకు తీసుకెళ్లే (క్లినికల్ పోస్టింగు) ట్యూటర్లందరూ సొంతంగా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, అంటే పనిలో పొరపాటు జరిగి పరిహారం కట్టాల్సి వస్తే ఆదుకునే బీమా, తీసుకుని నకలు ఆఫీసులో ఇవ్వాలని మా కళాశాల సర్క్యులర్ పంపింది. ప్రీమియం మా జీతంలోంచే. నాకిది బొత్తిగా నచ్చలేదు. ఫీజులు వసూలు చేసేది యాజమాన్యం, పిల్లల చేత వార్డుల్లో పని చేయించుకునేది ఆసుపత్రి, బీమా కట్టేది మాత్రం మేమా?

వార్డు సిస్టర్: కోపం సరే మేడమ్, పాలసీ మాత్రం తీసుకోండి. ఇన్సులిన్ ఇచ్చే వేళ వార్డు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ట్రేలో ఎర్ర మూత 40 యూనిట్ల సిరంజి, నారింజ మూత 100 యూనిట్ల సిరంజి పక్కపక్కనే ఉంటాయి. ఎర్ర మూత సిరంజి గీతలు మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్‌కు గీసినవి. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే వయల్‌లోంచి ఓ విద్యార్థిని దాంతో 10వ గీత దాకా లాగితే రోగికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ఆ నిమిషంలో మీరు పక్క వార్డులో ఇంకొకరికి క్యాథెటర్ వేయడం నేర్పుతూ ఉంటారు.

నెల్లూరు ట్యూటర్: నా బాధా అదే సిస్టర్. మంజూరైన సీట్లకు 10 మందికి ఒక అధ్యాపకురాలు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. తనిఖీ రోజు రిజిస్టరులో ఉన్న పేర్లన్నీ మర్నాడు వార్డులో కనిపిస్తే ఈ గొడవే ఉండదు. మనిషిని పెట్టాల్సిన చోట పాలసీ పెడుతున్నారు.

గుంటూరు వకీలు: ఉద్యోగి విధుల్లో చేసిన నిర్లక్ష్యానికి యజమాని కూడా పరిహారం చెల్లించాలి. అంతమాత్రాన ఫిర్యాదులో మీ పేరు ఉండదని కాదు. డబ్బు తీసుకుని చేసే వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రులు ఆ చట్టం పరిధిలోకి రావు గానీ, సివిల్ కోర్టు దారి అక్కడా తెరిచే ఉంటుంది.

పాలసీ అయితే దాని పరిమితి మేరకు పరిహారం, వకీలు ఖర్చు భరిస్తుంది. జైలు తప్పించదు. భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 5 ఏళ్ల దాకా శిక్ష. వైద్య ప్రక్రియ చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకైతే 2 ఏళ్ల దాకా. ఈ తగ్గింపు మెడికల్ రిజిస్టరులో పేరున్నవాళ్లకే. నర్సులకు లేదు. మీ సంఘాలు దీనిమీద ఎందుకు నోరు మెదపవో!

వార్డు సిస్టర్: మందు రాసినవారికి రెండు, ఇచ్చినవారికి అయిదు. బాగుంది.

కాకినాడ ఎమ్మెస్సీ: పాలసీ తీసుకునే ముందు రెండు విషయాలు అడగండి. 'విద్యార్థుల పర్యవేక్షణ' అన్న మాట అందులో ఉందా? సొంతంగా చేసిన చికిత్సకే వర్తిస్తే ట్యూటర్‌కు అది చిత్తు కాగితమే. రెండోది, ఇలాంటివి సాధారణంగా క్లెయిమ్ వచ్చిన రోజున అమలులో ఉంటేనే పనిచేస్తాయి. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. ఉద్యోగం మానేసి పాలసీ ఆపేశాక నోటీసు వస్తే ఎవరిని అడుగుతారు?

నెల్లూరు ట్యూటర్: అందుకే సంస్థ పాలసీలోనే మా పేర్లు, పర్యవేక్షణ బాధ్యత చేర్చాలని, మానేసినవాళ్లకూ రెండేళ్లు వర్తించాలని రాసిస్తాను. సొంతంగా మాత్రం కట్టను.

వార్డు సిస్టర్: రాయండి, నేనూ సంతకం పెడతాను. కానీ వాళ్లు జవాబిచ్చేదాకా పోస్టింగులు ఆగవు మేడమ్. అప్పటిదాకా ఏడాది పాలసీ ఒకటి కట్టేసి, రసీదు ఆ ఉత్తరానికే జతచేసి డబ్బు తిరిగి అడగండి.