గుడివాడ–కైకలూరు వైపు తిరిగిన పాత ప్రైవేటు బస్సుల వివరాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారం. ఆర్టీసీ రాకముందు గుడివాడ నుంచి ముదినేపల్లి, కైకలూరు వైపు ఊళ్లకు తిరిగిన ప్రైవేటు బస్సుల గురించి వివరాలు సేకరిస్తున్నాను. మీ సాయం కావాలి.

తెలంగాణ వైపు చరిత్ర కాస్త తేలిగ్గా దొరుకుతుంది. నిజాం రైల్వే శాఖే 1932లో 27 బస్సులతో మొదలుపెట్టింది కదా. మా కోస్తాలో పర్మిట్లు తీసుకుని ఎవరి బస్సులు వాళ్లు నడుపుకున్నారు. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడి కృష్ణా జిల్లా రూట్లు తీసుకోబోతే, కొందరు యజమానులు సుప్రీంకోర్టుకెళ్లి ఆ ఏడాది నవంబరులో గెలిచారు కూడా. అంత పోరాడినవాళ్ల దగ్గర కాగితాలు ఉండే ఉంటాయని నా నమ్మకం.

ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు బస్సుల గురించి తెలుసుకోవాలని ఉంది. పెట్రోలుకు రేషన్ పెట్టడంతో బస్సు వెనక డ్రమ్ములో బొగ్గు రాజేసేవాళ్లు. క్లీనరు చేత్తో చక్రం తిప్పుతూ గాలి కొడితే మంట అందుకునేది, ఆ గ్యాసుతోనే ఇంజను నడిచేది. అవి ఎక్కిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఇప్పుడే అడిగి చూడండి.

ఏ ఊరికి ఏ బస్సు వచ్చేది, ఛార్జీ ఎంత, కొల్లేరు పొంగినప్పుడు ఎక్కడిదాకా నడిచేది? పాత టిక్కెట్టు, పర్మిట్, ఫొటో ఏదున్నా చాలు. అప్పటి పర్మిట్ రికార్డులు ఏ ఆఫీసులో అడగాలో తెలిసినవాళ్లు కూడా చెప్పగలరు.